పెరటి కోళ్ళ గూడు - శీతాకాల రక్షణ

పెరటి కోళ్ళ గూడు అనగా ఇంటి పెరటిలో పెంచే కోళ్ళు రాత్రివేళ తలదాచుకొనుటకు ఏర్పాటు చేసే చిన్న కట్టడం. ఇది వెదురు గంప మొదలుకొని ఇటుక గోడల గది వరకు పలు రూపాలలో ఉంటుంది. శీతాకాలంలో గూడు రెండు పనులు చేయవలసి ఉంటుంది. మొదటిది, లోపలి తేమను, చెడు గాలిని బయటకు పంపడం. రెండవది, పిల్లి, ముంగిస, పాము, కుక్క వంటి శత్రువులను లోపలికి రానీయకపోవడం. ఈ రెండు పనులు ఒకదానికొకటి విరుద్ధంగా కనిపిస్తాయి. శత్రువుల భయంతోను, చలి భయంతోను గూటికి ఉన్న సందులన్నీ మూసివేయడం గ్రామాలలో సాధారణం. అయితే ఆరోగ్యంగా ఉన్న పెద్ద కోడికి తెలుగునాటి చలి కంటె మూసిన గూటిలోని తేమ, అమ్మోనియా వాయువు ఎక్కువ హాని చేస్తాయి. కావున గూటిని గాలి ఆడేటట్లుగానే భద్రపరచడం శీతాకాల సంరక్షణలో ముఖ్యమైన సూత్రం.

నేపథ్యం

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ గ్రామాలలో పెరటి కోళ్ళ పెంపకం ప్రధానంగా స్త్రీల చేతులలో ఉన్న ఉపవృత్తి. ఐదు నుండి ఇరవై కోళ్ళ వరకు ఉండే చిన్న మందలు పగలు పెరటిలో, వీధిలో, కళ్ళంలో తిరిగి గింజలు, పురుగులు, ఆకులు తిని సాయంత్రానికి ఇంటికి చేరుతాయి. గుడ్లు ఇంటి వాడకానికి ఉపయోగపడగా, పుంజుల అమ్మకం అవసరానికి చేతిలో డబ్బు సమకూరుస్తుంది. ఇటువంటి ఇంటిలో ఒక్క రాత్రి నాలుగైదు పెట్టలు పోతే కొన్ని నెలల రాబడి పోయినట్లే అవుతుంది. మళ్ళీ పిల్లలను పెంచి గుడ్ల దశకు తీసుకురావడానికి ఆరు నెలలు పడుతుంది.

నాటు కోళ్ళతో పాటు హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని భారతీయ వ్యవసాయ పరిశోధన మండలి వారి కోళ్ళ పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజ, గ్రామప్రియ, శ్రీనిధి రకాలను కూడా పెరళ్ళలో పెంచుతున్నారు. నాటు కోళ్ళు అవకాశం ఉంటే చెట్ల కొమ్మలపైనే రాత్రి గడుపుతాయి. బరువైన వనరాజ వంటి రకాలు అంత ఎత్తుకు ఎగరలేవు. కావున వాటికి గూడు మరింత అవసరం.

తెలుగునాట శీతాకాలం

తెలుగు ప్రాంతాలలో శీతాకాలం స్థూలంగా నవంబరు నుండి ఫిబ్రవరి వరకు ఉంటుంది. డిసెంబరు, జనవరి నెలలలో చలి అధికం. ఆదిలాబాదు, కొమురం భీం ఆసిఫాబాదు జిల్లాలలోను, 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగి, చింతపల్లి, అరకు ప్రాంతాలలోను కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ కంటె తగ్గుతుంది. కోస్తా జిల్లాలలో చలి అంతగా ఉండదు. కాని అక్కడ గాలిలో తేమ ఎక్కువ, తెల్లవారుజామున మంచు దట్టంగా కురుస్తుంది. అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాల వానలు, తుఫానులు దక్షిణ కోస్తాను తాకుతుంటాయి.

అందువలన గూటి ఏర్పాట్లు ప్రాంతాన్నిబట్టి మారుతాయి. మన్యంలోను, ఉత్తర తెలంగాణలోను చలిగాలి నేరుగా కోళ్ళకు తగలకుండా చూడటం ముఖ్యం. కోస్తాలో వాన జల్లు లోపలికి కొట్టకుండా, నేల చెమ్మ పైకి రాకుండా చూడటం ముఖ్యం. గాలి మార్పిడి మాత్రం రెండు చోట్లా తప్పనిసరి.

కోడి శరీరం - చలి

పెద్ద కోడి శరీర ఉష్ణోగ్రత సుమారు 41 డిగ్రీల సెల్సియస్. ఇది మనిషి కంటె సుమారు నాలుగు డిగ్రీలు ఎక్కువ. కోడి ఈకలను ఉబ్బించినప్పుడు వాటి మధ్య గాలి పొర నిలిచి కంబళి వలె పనిచేస్తుంది. నిద్రలో తలను రెక్క కింద దాచుకొని, కాళ్ళను పొట్ట కింది ఈకలలో ముడుచుకొని కోడి తన వేడిని కాపాడుకుంటుంది. పక్కపక్కన కూర్చున్న కోళ్ళు ఒకదాని వేడిని మరొకటి పంచుకుంటాయి. ఈ కారణాల చేత ఈకలు పూర్తిగా వచ్చిన ఆరోగ్యవంతమైన కోడి తెలుగునాటి చలిని సులభంగా తట్టుకుంటుంది.

ఈ రక్షణ రెండు సందర్భాలలో దెబ్బతింటుంది. ఈకలు తడిసినప్పుడు వాటి మధ్య గాలి పొర నిలవదు. ఈదురుగాలి నేరుగా తగిలినప్పుడు ఈకలు చెదిరి ఆ వెచ్చని గాలి కొట్టుకుపోతుంది. ఈకలు రాని పిల్లలు, ఈకలు రాల్చుతున్న కోళ్ళు, జబ్బు కోళ్ళు కూడా చలికి తట్టుకోలేవు.

కోడికి చెమట గ్రంథులు లేవు. శరీరంలోని తేమ అధికంగా శ్వాస ద్వారాను, రెట్ట ద్వారాను బయటకు పోతుంది. పక్షుల శ్వాస వ్యవస్థలో ఊపిరితిత్తులతో పాటు గాలి తిత్తులు కూడా ఉంటాయి. ఇవి పొట్ట భాగం వరకు వ్యాపించి, కొన్ని ఎముకలలోనికి కూడా చొచ్చుకొని ఉంటాయి. అందువలన పీల్చే గాలి చెడ్డదైనప్పుడు దాని ప్రభావం శరీరంలో చాలా భాగానికి చేరుతుంది.

తేమ, అమ్మోనియా

ఒక పెద్ద కోడి రోజుకు సుమారు 100 నుండి 150 గ్రాముల రెట్ట వేస్తుంది. అందులో నాలుగింట మూడు వంతులు నీరే. పది కోళ్ళ మంద నుండి ఈ విధంగా రోజుకు ముప్పాతిక లీటరుకు తగ్గని నీరు వెలువడుతుంది. శ్వాస ద్వారా వచ్చే ఆవిరి దీనికి అదనం. ఈ తేమ పోవడానికి దారి లేనప్పుడు అది రాత్రి చల్లబడిన రేకు కప్పుకు, గోడలకు తగిలి నీటి బిందువులుగా మారి తిరిగి కోళ్ళపైన, నేలపైన పడుతుంది.

రెట్టలోని తెల్లని భాగం యూరిక్ ఆమ్లం. తేమ ఉన్నచోట సూక్ష్మజీవులు దీనిని విచ్ఛిన్నం చేసి అమ్మోనియాను పుట్టిస్తాయి. ఈ వాయువు కోడి కళ్ళను మండిస్తుంది. శ్వాసనాళంలో దుమ్మును, క్రిములను బయటకు నెట్టే సన్నని నూగును దెబ్బతీస్తుంది. అప్పుడు శ్వాసకోశ వ్యాధులు తేలికగా అంటుకుంటాయి. గాలిలో పది లక్షల భాగాలకు 25 భాగాలకు మించి అమ్మోనియా ఉండరాదని సాధారణంగా చెబుతారు. మనిషి ముక్కుకు ఘాటు స్పష్టంగా తెలిసే సరికే గాలి ఆ పరిమితికి చేరువై ఉంటుంది. రోజూ ఆ వాసనకు అలవాటు పడినవారికి అది అంతకంటె ఆలస్యంగా తెలుస్తుంది.

గాలి చాలడం లేదనుటకు కింది గుర్తులు కనిపిస్తాయి.

* తెల్లవారి తలుపు తీసి కోడి తల ఎత్తుకు వంగి గాలి పీల్చినప్పుడు ఘాటు తగలడం.
* రేకు కప్పు లోపలి వైపు నీటి బిందువులు కనబడటం.
* పొట్టు ముద్దలు కట్టడం లేదా బూజు పట్టడం.
* కోళ్ళ కళ్ళు నీరు కారడం, తుమ్మడం, గురక వంటి శబ్దం చేయడం.

సంప్రదాయ గూళ్ళు

గంప: వెదురు బద్దలతో అల్లిన గంపను బోర్లించి కోళ్ళను కమ్మడం నేటికీ వాడుకలో ఉంది. అల్లిక సందుల నుండి గాలి చక్కగా ఆడుతుంది. కాని గంప తేలిక కాబట్టి కుక్క దానిని సులభంగా పడదోస్తుంది. పైన రాయి పెట్టినా పందికొక్కు, ముంగిస కింది నుండి తవ్వి రాగలవు. చలికి గోనె పట్టాను గంప చుట్టూ పూర్తిగా కప్పితే గాలి ఆడే సౌకర్యం కూడా పోతుంది.

మట్టి లేక రాతి గూడు: ఇంటి గోడకు ఆనించి గాని, అరుగు కింద ఖాళీ వదిలి గాని కట్టే ఈ గూటికి ఒకే చిన్న ద్వారం ఉంటుంది. రాత్రి దానికి చెక్క పలకను గాని, బండను గాని అడ్డం పెడతారు. శత్రువుల నుండి ఇది మంచి రక్షణ ఇస్తుంది. కాని గాలి పోయే దారి లేదు. లోపలికి చేయి చాచి శుభ్రం చేయడం కష్టం కాబట్టి రెట్ట పేరుకుంటుంది. గోడ బీటలలో గోమార్లు దాగి రాత్రి కోళ్ళ రక్తం పీల్చుతాయి. ఇటువంటి పాత గూటిని పడగొట్టనవసరం లేదు. కప్పుకు కొంచెం కింద ఎదురెదురు గోడలలో ఒక్కొక్క ఇటుక తీసివేసి, ఆ రంధ్రాలకు ఇనుప జాలీ బిగించినట్లయితే చాలా మేలు కలుగుతుంది. అడ్డం పెట్టే పలకకు బదులు జాలీ తలుపు అమర్చవచ్చును.

చెక్క లేక ఇనుప గూడు: కాళ్ళపై నిలిపిన ఈ గూడు నేల చెమ్మకు దూరంగా ఉంటుంది. శుభ్రం చేయడం సులభం. దీనికి చుట్టూ జాలీయే ఉన్నప్పుడు ఈదురుగాలికి అడ్డు లేకపోవడం శీతాకాలంలో లోపం. కోళ్ళు కూర్చునే ఎత్తు వరకు పలకలు గాని, తడికలు గాని కట్టి దీనిని సరిచేస్తారు.

వాయుప్రసారం

వేడి గాలి తేలికైనది, పైకి పోతుంది. కోళ్ళ శ్వాసతో వెచ్చబడి తేమతో నిండిన గాలి కూడా పైకే చేరుతుంది. అక్కడ దారి ఉంటే అది బయటకు పోయి, దాని స్థానంలో బయటి పొడి గాలి లోపలికి వస్తుంది. ఫ్యాను గాని, విద్యుత్తు గాని అవసరం లేకుండానే ఈ మార్పిడి జరుగుతుంది. కావున శీతాకాలపు వెంటిలేటర్లు చూరుకు దిగువన, కూర్చున్న కోళ్ళ తలల కంటె బాగా పైన ఉండాలి.

గాలి మార్పిడి, ఈదురుగాలి ఒకటి కావు. కోళ్ళ తలల పైనుండి నెమ్మదిగా సాగే గాలి తేమను తీసుకుపోతుంది. కోళ్ళ శరీరాలకు నేరుగా కొట్టే గాలి వాటి వేడిని తీసుకుపోతుంది. మొదటిది ఉండాలి, రెండవది ఉండరాదు. దీనిని పరీక్షించుటకు ఖాళీ గూటిలో కోళ్ళు కూర్చునే చోట సన్నని దారం గాని, తేలికైన ఈకను గాని వేలాడదీస్తారు. గాలి వీచే సాయంత్రం అది ఎగిరెగిరి పడుతుంటే అక్కడికి ఈదురుగాలి వస్తున్నట్లు లెక్క.

గూటి పొడవు తూర్పు పడమరలుగా ఉండి, ముఖం దక్షిణానికి ఉండటం మంచిది. శీతాకాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉండుటచేత ఎండ లోపలికి పడి పొట్టును ఆరబెడుతుంది. వేసవిలో సూర్యుడు నడినెత్తిన ఉండుటచేత ఎండ అంతగా లోపలికి రాదు. ఉత్తరం, ఈశాన్యం నుండి వచ్చే చలిగాలికి వెనుక గోడ అడ్డుపడుతుంది.

పది కోళ్ళ గూటికి ఒక నమూనా

రాత్రి నిద్రకు మాత్రమే వాడే గూటిలో ఒక్కొక్క కోడికి సుమారు రెండు చదరపు అడుగుల నేల చాలును. పది కోళ్ళకు 5 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గల గూడు సరిపోతుంది. కప్పు ముందు వైపు 5 అడుగులు, వెనుక వైపు 4 అడుగుల ఎత్తున ఉంటే వాననీరు వెనుకకు జారిపోతుంది. గూటి నేలను మట్టానికి ఒకటిన్నర నుండి రెండు అడుగుల ఎత్తున కాళ్ళపై నిలపడం మంచిది.

ముందు, వెనుక గోడలలో చూరు కిందుగా 6 అంగుళాల ఎత్తు, 5 అడుగుల పొడవు గల పట్టీలను ఖాళీగా వదలి జాలీ బిగించాలి. ఒక్కొక్క పట్టీ రెండున్నర చదరపు అడుగులు అవుతుంది. రెండూ కలిపి నేల విస్తీర్ణంలో నాలుగవ వంతు. మిక్కిలి చలిగా ఉన్న రాత్రి గాలి వీచే వైపు పట్టీపై గోనె పట్టాను దింపవచ్చును. రెండవ పట్టీని ఏ రాత్రీ మూయరాదు. అది ఒక్కటే నేల విస్తీర్ణంలో ఎనిమిదవ వంతు ఉంటుంది. నేల విస్తీర్ణంలో పదవ వంతుకు తగ్గకుండా గాలి దారి ఉండాలన్న సాధారణ లెక్కకు ఇది సరిపోతుంది. కప్పు అంచు గోడల కంటె కనీసం ఒక అడుగు ముందుకు ఉంటే జల్లు లోపలికి కొట్టదు.

రేకు కప్పు రాత్రి త్వరగా చల్లబడి నీరు పట్టిస్తుంది. రేకుపైన తాటాకు గాని, రెల్లుగడ్డి గాని పరిస్తే ఈ ఇబ్బంది తగ్గుతుంది. వేసవిలో ఎండ వేడి నుండి కూడా రక్షణ లభిస్తుంది. కప్పుగడ్డిలో ఎలుకలు, పురుగులు చేరుతాయి కాబట్టి దానిని ఏటా మార్చాలి.

అడ్డకర్రలు

కోళ్ళు నేలపై కంటె ఎత్తయిన కర్రపై నిద్రించడానికి ఇష్టపడతాయి. ఒక్కొక్క కోడికి 8 నుండి 10 అంగుళాల చోటు కావాలి. పై నమూనా గూటిలో 5 అడుగుల కర్రలు రెండు ఒకే ఎత్తులో అమర్చితే చాలును. కర్రల మధ్య అడుగుకు పైగా ఎడం ఉండాలి. ఎత్తు ఒకటిన్నర అడుగులు మించనవసరం లేదు. బరువైన రకాలు ఎత్తు నుండి దూకినప్పుడు అరికాలికి దెబ్బ తగిలి వాపు వస్తుంది.

సన్నని కర్ర కంటె సుమారు రెండు అంగుళాల వెడల్పు గల, అంచులు నున్నగా చేసిన చెక్క మేలు. పాదం దానిపై చాపుగా ఆనినప్పుడు కోడి పొట్ట ఈకలు వేళ్ళను పూర్తిగా కప్పుతాయి. ఇనుప గొట్టాలు చలికి చల్లబడి వేళ్ళ వేడిని లాగివేస్తాయి, కావున అవి తగవు. గుడ్లు పెట్టే బుట్టలు అడ్డకర్రల కంటె దిగువన ఉండాలి. లేనిచో కోళ్ళు బుట్టలలోనే నిద్రించి వాటిని పాడుచేస్తాయి.

పొట్టు పరుపు

నేలపై పరిచే పొట్టు రెట్టలోని నీటిని పీల్చుకుంటుంది. తెలుగునాట వరి ఊక, రంపపు పొట్టు, వేరుశనగ కాయల పొట్టు ఇందుకు వాడుతారు. శీతాకాలంలో మూడు నాలుగు అంగుళాల మందాన పరిచి, రెండు మూడు రోజులకొకసారి కలియదిప్పాలి. తడిసిన చోట పాత పొట్టు తీసివేసి కొత్తది వేయాలి. అడ్డకర్రల కింద రెట్ట ఎక్కువగా పడుతుంది కాబట్టి అక్కడ ఒక పాత రేకును గాని, గోనె పట్టాను గాని పరిచి ప్రతి ఉదయం ఎత్తివేస్తే తేమలో చాలా భాగం తొలగిపోతుంది.

గుప్పెడు పొట్టు తీసి గట్టిగా పిడికిలి బిగించి వదిలినప్పుడు అది విడిపోతే తేమ సరిగా ఉన్నట్లు. ముద్దగా నిలిచిపోతే ఎక్కువ ఉన్నట్లు. బూజు పట్టిన పొట్టును, ముఖ్యంగా తడిసిన వేరుశనగ పొట్టును, ఎన్నడూ వాడరాదు. బూజు కణాలు పిల్లల ఊపిరితిత్తులలో వ్యాధి కలిగిస్తాయి. తీసిన పొట్టు, రెట్ట కలిపి కుప్పగా వేసి మాగనిస్తే పెరటి మొక్కలకు మంచి ఎరువు అవుతుంది.

నీటి తొట్టిని రాత్రివేళ గూటిలో ఉంచకపోవడం కూడా తేమ తగ్గించే ఉపాయమే. కోళ్ళు చీకటిలో నీరు తాగవు. తెల్లవారగానే గోరువెచ్చని నీరు పెడితే సరిపోతుంది.

శత్రువుల నుండి రక్షణ

శీతాకాలంలో చీకటి త్వరగా పడుతుంది. హైదరాబాదులో నవంబరు చివరన సాయంత్రం 5:40 ప్రాంతంలోనే సూర్యాస్తమయం అవుతుంది. కోడికి చీకటిలో చూపు సరిగా ఆనదు, కావున అది పారిపోలేదు. మునిమాపు వేళకే గూటి తలుపు వేయడం అన్నిటికంటె చవకైన రక్షణ. తలుపు వేసే ముందు కోళ్ళను లెక్కించడం, మూలలలో పాము గాని, పిల్లి గాని దాగి ఉందేమో దీపంతో చూడటం అవసరం.

* పిల్లి, అడవిపిల్లి, మానుపిల్లి: గోడలు, చెట్లు ఎక్కి పైనుండి వస్తాయి. కప్పుకు గోడకు మధ్య సందు ఉంటే చాలు, దూరిపోతాయి. వెంటిలేటర్లకు జాలీ లేని గూళ్ళలో ఎక్కువ నష్టం వీటి వలననే.
* ముంగిస: పగటివేళ సంచరిస్తుంది. గుడ్లను, పిల్లలను ఎత్తుకుపోతుంది. చిన్న సందులలో నుండి దూరగలదు.
* కుక్క, నక్క: తలుపును, బలహీనమైన జాలీని లాగి చింపుతాయి. నేలను తవ్వుతాయి. లోపల చిక్కిన కోళ్ళు బెదిరి ఎగురుతుంటే ఆకలితో నిమిత్తం లేకుండా ఒకదాని తరువాత ఒకటి చంపుతాయి.
* పందికొక్కు, ఎలుక: నేల కింద బొరియలు తవ్వి వస్తాయి. గుడ్లు, దాణా తింటాయి, పిల్లలను చంపుతాయి. వీటి బొరియలలోకి పాములు చేరుతాయి.
* పాములు: నాగుపాము, జెర్రిపోతు గుడ్లను, పిల్లలను మింగుతాయి. వీటిని ఆకర్షించేవి ఎక్కువగా ఎలుకలే. కావున ఎలుకలను అదుపు చేయడమే పాముల నివారణ.
* గద్ద, కాకి: పగలు పిల్లలను తన్నుకుపోతాయి. తల్లికోడి, పిల్లలు తిరిగే చోట పైన వల కట్టడం ఉపాయం.

షట్కోణపు కన్నుల పలుచని కోళ్ళ జాలీ కోళ్ళను లోపల ఉంచుటకు తగినదే కాని శత్రువులను ఆపుటకు తగినది కాదు. కుక్క దానిని పళ్ళతో చింపగలదు. పిల్లి పంజా, చిన్న పాము దాని కన్నులలో నుండి లోపలికి పోతాయి. వెంటిలేటర్లకు, తలుపులకు అర అంగుళం చదరపు కన్నుల వెల్డింగు జాలీ వాడాలి. దీనిని చిన్న మేకులతో సరిపుచ్చక, అంచులపై చెక్క బద్ద గాని, ఇనుప పట్టీ గాని పెట్టి మరలతో బిగించాలి. ఈ జాలీ వలన గాలికి అడ్డు ఉండదు, శత్రువుకు దారి ఉండదు. గాలి దారులు మూయనవసరం లేకుండా భద్రత లభించే మార్గం ఇదే.

నేలపై కట్టిన గూటి చుట్టూ ఒక అడుగు లోతున జాలీని పాతాలి. లేదా గోడ అడుగు నుండి బయటకు ఒకటిన్నర అడుగుల వెడల్పున జాలీని నేలపై పరిచి రాళ్ళతో, మట్టితో కప్పాలి. తవ్వే జంతువు గోడ మొదలు వద్దనే తవ్వుతుంది కాబట్టి జాలీ తగిలి మానుకుంటుంది. కాళ్ళపై నిలిచిన గూటి ఒక్కొక్క కాలికి నేల నుండి అడుగున్నర ఎత్తున రేకును గరాటా ఆకారంలో బోర్లించి చుట్టితే ఎలుకలు పైకి ఎక్కలేవు.

తలుపుకు ఒక గడియతో పాటు కొక్కెం గాని, తాళం గాని ఉండాలి. కుక్క ముట్టెతో నెట్టినా, గాలికి ఊగినా ఒక్క గడియ ఊడిపోవచ్చును. తుఫాను ప్రాంతాలలో గూటి కాళ్ళను నేలలో పాతి, కప్పును ఇనుప తీగతో గూటి చట్రానికి కట్టాలి.

ముంగిస, అడవిపిల్లి, ఉడుము, నాగుపాము వంటివి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రక్షణ పొందిన జంతువులు. వీటిని చంపడం, విషం పెట్టడం, ఉచ్చులు పన్నడం నేరం. గూటి కంచెకు విద్యుత్తు తీగ కలపడం మనుషుల ప్రాణాలకే ప్రమాదం. ఎలుకల మందు తిన్న ఎలుకను కోడి గాని, పెంపుడు పిల్లి గాని తింటే అవి కూడా చనిపోవచ్చును. కావున గూటిని గట్టిగా కట్టుకోవడమే సరైన మార్గం.

కోడిపిల్లలకు వేడి

పెద్ద కోళ్ళకు అవసరం లేని కృత్రిమ వేడి, తల్లి లేని పిల్లలకు తప్పనిసరి. మొదటి వారంలో వాటికి సుమారు 35 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. తరువాత వారానికి సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గిస్తూ, ఈకలు వచ్చే వరకు ఇస్తారు. సాధారణంగా పిల్లకు 1 నుండి 2 వాట్ల చొప్పున వేడినిచ్చే పాత రకపు బల్బులను వాడుతారు. ఎల్‌ఈడీ బల్బులు తగినంత వేడినివ్వవు.

వేడి సరిపోయిందీ లేనిదీ పిల్లల తీరే చెబుతుంది. బల్బు కింద గుంపుగా చేరి అరుస్తుంటే వేడి చాలలేదు. దూరంగా పోయి నోరు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువైంది. అంతటా సమంగా పరచుకొని తింటూ, పడుకుంటూ ఉంటే సరిగా ఉన్నట్లు.

బల్బును ఒక్క తీగతో వేలాడదీయక గొలుసుతో కూడా కట్టాలి. పొడి ఊకపై పడితే నిప్పు అంటుకుంటుంది. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టడం మరింత ప్రమాదం. దాని నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన ఉండవు. అది కోడిపిల్లలనే కాక అక్కడ నిద్రించే మనుషులను కూడా చంపగలదు.

వెలుతురు, గుడ్లు

శీతాకాలంలో పెట్టలు గుడ్లు తగ్గించడం చూసి, గూటిలో చలి ఎక్కువైందని భావించి సందులు మూసివేస్తుంటారు. గుడ్లు తగ్గడానికి ప్రధాన కారణం పగటి నిడివి తగ్గడం. పెట్ట బాగా గుడ్లు పెట్టడానికి రోజుకు 14 నుండి 16 గంటల వెలుతురు కావాలి. డిసెంబరులో తెలుగునాట పగలు సుమారు 11 గంటలే. ఇదే కాలంలో ఈకలు రాల్చే పెట్టలు కూడా కొంతకాలం గుడ్లు ఆపుతాయి. దీనికి గాలి దారులు మూయడం మందు కాదు. కావలసినచో తెల్లవారుజామున చిన్న దీపం వెలిగించి వెలుతురు పొడిగించవచ్చును.

చలిలో శరీరపు వేడి నిలుపుకొనుటకు కోడి ఎక్కువ మేత తింటుంది. సాయంత్రం గూటిలోకి తోలే ముందు జొన్నలు, సజ్జలు, మొక్కజొన్న నూకలు గుప్పెడు వేయడం మంచి అలవాటు. రాత్రి అవి అరుగుతున్నప్పుడు శరీరానికి వేడి లభిస్తుంది.

వ్యాధులు

కొక్కెర తెగులు పెరటి కోళ్ళకు అతి పెద్ద ముప్పు. కుమావూ కొండలలోని రాణిఖేత్ పట్టణం పేర దీనిని భారతదేశంలో రాణిఖేత్ వ్యాధి అంటారు. ఇంగ్లండులో 1926లో కనుగొన్న చోటును బట్టి న్యూకాజిల్ వ్యాధి అని కూడా పేరు. ఇది వైరస్ వ్యాధి. గాలి బాగా ఆడే గూడు దీనిని ఆపలేదు, టీకా ఒక్కటే ఆపుతుంది. పిల్లలకు మొదటి వారంలో ఎఫ్ లేదా లసోటా టీకా, సుమారు ఎనిమిది వారాల వయస్సులో ఆర్2బి టీకా వేయిస్తారు. చలికాలం ప్రవేశించక ముందే పశువైద్యుని సలహాతో టీకాలు పూర్తి చేయించడం మేలు.

బర్డ్ ఫ్లూ కూడా ఎక్కువగా చలి నెలలలోనే కనిపించింది. భారతదేశంలో ఇది మొదటిసారి 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్‌లో బయటపడింది. 2025 ఫిబ్రవరిలో తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి జిల్లాల కోళ్ళ ఫారాలలో నిర్ధారణ అయింది. వలస పక్షుల, నీటి పక్షుల రెట్ట ద్వారా ఇది వ్యాపించగలదు. వెంటిలేటర్ల జాలీ వలన పిచ్చుకలు, ఇతర పక్షులు గూటిలోకి, దాణాలోకి రాకుండా ఉండటం అదనపు ప్రయోజనం. కోళ్ళు అకస్మాత్తుగా ఎక్కువ సంఖ్యలో చనిపోతే వాటిని ముట్టుకోకుండా, అమ్మకుండా పశువైద్యశాలకు తెలియజేయాలి.

అతిశీతల దేశాలలో

ఉత్తర అమెరికా, ఐరోపాలలో ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల కంటె ఎంతో తగ్గే చోట్ల కూడా పెరటి కోళ్ళను పెంచుతారు. అక్కడ కూడా మూసిన గూళ్ళ కంటె గాలి ఆడే గూళ్ళే మేలని అనుభవంలో తేలింది. అమెరికాకు చెందిన ప్రిన్స్ టి. వుడ్స్ 1924లో ప్రచురించిన "మోడర్న్ ఫ్రెష్-ఎయిర్ పౌల్ట్రీ హౌసెస్" అనే పుస్తకం దక్షిణ ముఖం తెరిచి ఉంచి జాలీ బిగించిన లోతైన కోళ్ళ ఇళ్ళను వివరించింది. వెనుక గోడ వైపు కూర్చున్న కోళ్ళకు గాలి విసురు తగలదు, కాని తేమ ముందు నుండి బయటకు పోతుంది.

ఆ దేశాలలో గడ్డకట్టే చలికి కోడి తలపైని తురాయి కొసలు, గడ్డం కింది తమ్మెలు నల్లబడి చచ్చుబడతాయి. పెద్ద తురాయి గల పుంజులలో ఇది ఎక్కువ. గూటిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు ఈ ప్రమాదం పెరుగుతుంది. తెలుగునాట ఈ సమస్య లేదు. అయినను అంత చలిలోనే కోళ్ళకు పైన గాలి దారి తెరిచి ఉంచవలసి వస్తున్నప్పుడు, ఇక్కడి చలికి గూటిని పూర్తిగా మూయనవసరం లేదని స్పష్టమవుతుంది.

చలికాలానికి ముందు చేయవలసిన పనులు

దసరా, దీపావళి పండుగల మధ్య కాలం ఈ పనులకు అనుకూలం.

# గూటిలోని పాత పొట్టును పూర్తిగా తీసి, ఎండనిచ్చి, గోడలకు, బీటలకు సున్నం కొట్టడం.
# జాలీని అంతటా చేతితో నొక్కి చూసి, తుప్పు పట్టిన, ఊడిన చోట్ల మార్చడం.
# గోడలలో, నేలలో, చూరు వద్ద అర అంగుళం కంటె పెద్ద సందులను పూడ్చడం లేదా జాలీతో మూయడం.
# కోళ్ళు కూర్చునే ఎత్తులో ఉన్న సందులకు పలక గాని, తడిక గాని కట్టడం. పైనున్న వెంటిలేటర్లను తెరిచి ఉంచడం.
# వాన కురిసినప్పుడు కప్పు కారుతున్నదీ లేనిదీ చూడటం.
# తలుపు బందులు, గడియలు, కొక్కేలు సరిచూడటం.
# గూటి చుట్టూ పది అడుగుల మేర పొదలు, కట్టెల మోపులు, రాళ్ళ కుప్పలు తొలగించడం. ఇవి ఎలుకలకు, పాములకు నెలవులు.
# దాణాను మూత గల డబ్బాలో గూటికి దూరంగా ఉంచడం.
# టీకాలు, నట్టల మందు సమయానికి ఇప్పించడం.

ఈ పనులకు కావలసిన వస్తువులలో ఖర్చయ్యేది వెల్డింగు జాలీ మాత్రమే. మిగిలిన ఊక, తడికలు, గోనె పట్టాలు, సున్నం గ్రామాలలో సులభంగా లభిస్తాయి. ఒకసారి సరిగా బిగించిన జాలీ కొన్ని సంవత్సరాలు నిలుస్తుంది, వేసవిలో కూడా అవే వెంటిలేటర్లు గూటిని చల్లగా ఉంచుటకు ఉపయోగపడతాయి.